జెండా మోసిన పోస్టుమ్యాన్

కాకినాడ

చిరంజీవి సుధకు,

నువ్వు చేసిన పని వేరొకరి పేరు మీద చెలామణి అవుతోందనీ, ఉద్యోగం మానేయాలనుందనీ రాశావు. మానడం సంగతి తర్వాత చూద్దాం. బోస్టన్‌లోనే ఉన్నావు కదా, స్టేట్ హౌస్ ఎదురుగా ఉన్న కంచు శిల్పం చూసిరా. గుర్రమెక్కిన దళపతి కర్నల్ షాని కాదు, పక్కన నడుస్తున్న నల్లజాతి సిపాయిలను చూడు. 54వ మసాచుసెట్స్ పటాలం వాళ్లు.

ఆ పటాలంలో విలియం కార్నీ అని ఒకడుండేవాడు. వర్జీనియాలో బానిసగా పుట్టాడు. పాదిరీ కావాలనుకున్నవాడు అమెరికా అంతర్యుద్ధంలో సిపాయి అయ్యాడు. 1863 జులై 18న చార్లెస్టన్ దగ్గర ఫోర్ట్ వాగ్నర్ అనే కోట మీద దాడిలో, జెండా పట్టినవాడు కూలిపోతుంటే తుపాకీ పారేసి తను అందుకున్నాడు. తూటాలు తగిలినా దాన్ని కోటగోడ దాకా మోసి, మళ్లీ వెనక్కి తెచ్చాడు. కోట మాత్రం చిక్కలేదు, షా అక్కడే పోయాడు. ఓడిపోయిన దాడి అది. వీరగాథలు చెప్పేవాళ్లు ఆ ముక్క మింగేస్తుంటారు.

నేను చెప్పాలనుకున్నది ఆ సిపాయిల జీతం గురించి. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. వీళ్లకు 10, అందులోనూ బట్టల కింద 3 కోత. ఆ డబ్బు వీళ్లు ముట్టలేదు. తక్కువైంది మేమిస్తామని రాష్ట్ర ప్రభుత్వం అన్నా వద్దన్నారు. ఇంటిదగ్గర పిల్లలు ఇబ్బంది పడుతున్నా పట్టు విడవలేదు, యుద్ధమూ మానలేదు. 1864లో అమెరికా కాంగ్రెస్‌కు సమాన జీతం ఇవ్వక తప్పలేదు. నువ్వూ అంతే. మీటింగులో నవ్వి ఊరుకోకు. ఈమెయిళ్లు, తేదీలు దగ్గర పెట్టుకుని పైవాళ్లను రాతపూర్వకంగా అడుగు.

కార్నీకి మెడల్ ఆఫ్ ఆనర్ అనే సైనిక పతకం వచ్చింది 1900లో, ఆ దాడి జరిగిన 37 ఏళ్లకు! అన్నాళ్లూ దానికోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడా? న్యూ బెడ్‌ఫర్డ్‌లో పోస్టుమ్యాన్‌గా 32 ఏళ్లు ఉత్తరాలు పంచాడు. నేనూ పోస్టాఫీసు వాణ్ణే కాబట్టేమో, నాకు జెండా కన్నా ఆ సంచీ మీదే గౌరవం ఎక్కువ. తర్వాత అదే స్టేట్ హౌస్‌లో మెసెంజరుగా చేరి, 1908లో అక్కడి లిఫ్టు ప్రమాదంలో దెబ్బలు తగిలి చనిపోయాడు.

కాబట్టి గట్టిగా అడుగు. జవాబొచ్చేదాకా వంట మానడం, నిద్ర మానడం చెయ్యకు. రాజీనామా రాసేసి ఉంటే తేదీ వెయ్యకుండా ముందు నాకు పంపు. మా అక్కకి నేనేమీ చెప్పలేదు, ఆ పని నీదే.

మామయ్య