మేకు, తీగ, ఒక్క సెల్లు: ఇంట్లో విద్యుదయస్కాంతం



సైన్స్ ప్రాజెక్టు ఇచ్చిన సాయంత్రమే ఫ్యాన్సీ షాపుకు వెళ్ళి రెడీమేడ్ మోడల్ కొనిచ్చే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది. మీకు తీరిక ఉండదని మాకూ తెలుసు. కానీ థర్మోకోల్ షీటు మీద మెరిసే మోడల్ కంటే, మీ పాపో బాబో స్వయంగా లెక్కపెట్టి రాసుకొచ్చిన ఒక చిన్న పట్టిక మాకు విలువైనది. ఈ నెల ప్రయోగం ఆ ఉద్దేశంతో ఇస్తున్నదే. ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఎవరైనా చేయవచ్చు. పెద్దవాళ్ళు పక్కన ఉండాలి, చేతులు మాత్రం పిల్లలవే కావాలి.

కావలసినవి: మూడంగుళాల మామూలు ఇనుప మేకు, టార్చిలైటులో వేసే 1.5 వోల్టుల పెద్ద సెల్లు ఒకటి, గుండుసూదుల డబ్బా, ఉప్పుకాగితం ముక్క, టేపు, రెండు మీటర్ల రాగి వైండింగ్ తీగ. తీగ కోసం గుంటూరు దాకా వెళ్ళనవసరం లేదు. తెనాలిలో అయినా, బాపట్ల, రేపల్లెలలో అయినా మోటార్లు వైండింగ్ చేసే షాపులో 24 లేదా 26 గేజి తీగ అడగండి. కొత్త తీగే తీసుకోండి. కాలిపోయిన మోటారులోంచి తీసిన తీగకు పైపూత మాడిపోయి ఉంటుంది. చుట్టు చుట్టుకూ తగిలి కరెంటు అడ్డదారిన పోతుంది.

ఆ పూత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇళ్ళలో ఈ ప్రయోగం పనిచేయకపోతే చాలాసార్లు కారణం అదే. వైండింగ్ తీగ చూడటానికి వట్టి రాగిలాగే ఉంటుంది కానీ దాని మీద సన్నని వార్నిష్ పొర ఉంటుంది. తీగ రెండు కొనలనూ ఒక అంగుళం మేర ఉప్పుకాగితంతో రాగి తళతళలాడేదాకా గీకాలి. గీకకుండా సెల్లుకు ఎంత గట్టిగా అదిమిపెట్టినా కరెంటు పారదు, "సెల్లు చెడిపోయింది" అని ఇంకో సెల్లు కొంటాం. తీగనంతా ఒకే దిశలో చుట్టాలి. సగంలో వెనక్కి తిప్పి చుడితే మొదటి సగం చేసిన పనిని రెండో సగం చెరిపేస్తుంది.

ముందుగా మేకు మీద 20 చుట్లు పక్కపక్కనే చుట్టించండి. మిగిలిన తీగను కత్తిరించవద్దు, వదులుగా పక్కన ఉండనివ్వండి. ఒక కొనను టేపుతో సెల్లు అడుగున అంటించి, రెండో కొనను పైనున్న బొడిపెకు తాకించి, మేకు మొనను సూదుల కుప్పలో ముంచి పైకెత్తాలి. ఎన్ని సూదులు లేచాయో రాయాలి. ఇలా మూడుసార్లు. తర్వాత అదే తీగతో 40 చుట్లు, 60 చుట్లు.

తీగ ఎందుకు కత్తిరించకూడదు? ఈ ప్రశ్న మీరే పిల్లల్ని అడగండి, జవాబు వెంటనే చెప్పేయకండి. తీగ పొడవు మారితే కరెంటు కూడా కొంత మారుతుంది. అప్పుడు సూదులు ఎక్కువ లేచింది చుట్లు పెరగడం వల్లనా, కరెంటు మారడం వల్లనా అన్నది తేల్చలేం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పదో తరగతి పరీక్షలో ఈ పాఠం మీద వచ్చే ప్రశ్నలు మారుతుంటాయి కానీ ఈ పద్ధతి అన్ని పాఠాలకూ పనికొస్తుంది.

60 చుట్లు అయ్యాక మళ్ళీ 20 చుట్లకు వచ్చి ఒకసారి లెక్కపెట్టించండి. మొదట వచ్చినదానికంటే బాగా తక్కువ వస్తే సెల్లు నీరసించిందని అర్థం, మధ్యలో వచ్చిన అంకెలను కూడా అనుమానించాలి. పిల్లలు ఇక్కడ అంకెలు "సరిచేసి" రాయాలని చూస్తారు. వద్దనండి. వచ్చింది వచ్చినట్టే రాయాలి.

కరెంటు తీసేశాక కూడా ఒకటి రెండు సూదులు మేకును పట్టుకుని వేలాడితే అది తప్పు కాదు. ఇనుములో కొంచెం అయస్కాంతత్వం మిగిలిపోతుంది. గోడలకు కొట్టే గట్టి కాంక్రీట్ మేకుతో అదే పని చేసి చూస్తే సాధారణంగా ఇంకా ఎక్కువ మిగులుతుంది. సూర్యలంక బీచికి వెళ్ళినప్పుడు తడి ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తే పిడికెడు తెచ్చి ఆరబెట్టండి. మేకు మొనకు పలచని కాగితం చుట్టి అందులో ముంచితే, మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులు ఉన్నంతమేర అంటుకుంటాయి, కరెంటు తీయగానే రాలతాయి.

జాగ్రత్తలు

గోడ ప్లగ్గుకు ఈ తీగను ఎట్టి పరిస్థితిలోనూ తగిలించకూడదు. అందులో 230 వోల్టులు ఉంటాయి, ప్రాణం పోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ, బండి బ్యాటరీ, పవర్ బ్యాంకు, పాత ఫోను బ్యాటరీ కూడా వద్దు. వాటిలో వోల్టులు తక్కువే అయినా ఇంత పొట్టి తీగలో కరెంటు విపరీతంగా పారి నిప్పంటుకోవచ్చు. టార్చి సెల్లుతో కూడా ఒకసారికి ఐదు సెకన్లకు మించి తాకించకండి. తీగ, సెల్లు వేడెక్కుతాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో పని అయ్యాక సూదులు లెక్కపెట్టి డబ్బాలో వేయండి.

ఇంతకీ ఈ మేకు ఆట పెద్ద పనులకు ఎలా వచ్చింది? 1820లో డెన్మార్క్‌లో అయిర్‌స్టెడ్, కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. 1825లో ఇంగ్లండులో స్టర్జన్ గుర్రపు లాడం ఆకారంలో వంచిన సుమారు 200 గ్రాముల ఇనుముతో 4 కిలోల బరువు లేపాడు. ఆయన తీగకు పూత లేదు, ఇనుముకే వార్నిష్ పూశాడు. అందువల్ల చుట్లను ఎడంగా చుట్టాల్సి వచ్చింది. అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకే బట్ట, పట్టు చుట్టి, చుట్లను దగ్గరగా, పొరలు పొరలుగా వేసి 1831 నాటికి 900 కిలోలు దాటించాడు. మీ పిల్లలు గీకిన ఆ పూత విలువ అదీ.

పొలం ఉన్న ఇళ్ళవారు మోటారు స్టార్టర్ దగ్గరకు పిల్లల్ని తీసుకెళ్ళండి, మూత మాత్రం తీయవద్దు. పచ్చ బటన్ నొక్కి వదిలేసినా మోటారు ఆడుతూనే ఉంటుంది, లోపల ఒక కాయిల్ విద్యుదయస్కాంతమై స్విచ్‌ను పట్టి ఉంచుతుంది గనుక. కరెంటు పోతే పట్టు వదులుతుంది. ఆటో స్టార్టర్ పెట్టనిచోట కరెంటు తిరిగొచ్చినా మోటారు తనంతట తాను ఎందుకు తిరగదో పిల్లల్నే చెప్పమనండి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి మోడల్ ఏదీ తేనవసరం లేదు. పిల్లల చేతిరాతలో ఉన్న పట్టిక ఒక్క పేజీ చాలు, కొట్టివేతలతో సహా.