ప్రిడేటరీ ప్రైసింగ్: చౌక ధర ఎప్పుడు తప్పవుతుంది?

పోటీదారులను దెబ్బతీసే ఉద్దేశంతో ఖర్చు కంటే తక్కువకు అమ్మడమే ప్రిడేటరీ ప్రైసింగ్. కాంపిటీషన్ చట్టం-2002లోని సెక్షన్ 4 దీన్ని నిషేధిస్తోంది. ఖర్చంటే సాధారణంగా సగటు చర వ్యయం. పరీక్షలో అభ్యర్థులు తడబడేది ఆధిపత్యం దగ్గరే: మార్కెట్‌లో ఆధిపత్యం లేని సంస్థ నష్టానికి అమ్మినా ఈ సెక్షన్ వర్తించదు.

2016లో ఉచిత సేవలతో అడుగుపెట్టిన జియోపై ఎయిర్‌టెల్ చేసిన ఫిర్యాదును 2017లో కాంపిటీషన్ కమిషన్ (సీసీఐ) కొట్టేసింది జియోకు ఆధిపత్యం లేదన్న కారణంతోనే. కరెన్సీ డెరివేటివ్స్‌లో రుసుము తీసుకోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ)కి మాత్రం 2011లో రూ.55.5 కోట్ల జరిమానా పడింది. అక్కడ సీసీఐ తప్పుపట్టింది ‘అన్యాయమైన ధర’ కింద, ప్రిడేటరీ ప్రైసింగ్ కింద కాదు. ప్రశ్నలో ఈ తేడా అడగొచ్చు.

ఆధిపత్యం వచ్చేదాకా ఆగాలన్న నియమం, పెట్టుబడిదారుల డబ్బుతో నష్టాలు భరించే యాప్ కంపెనీల విషయంలో మరీ ఆలస్యమేననిపిస్తుంది.