సైకిల్ వేగానికి ముందు వామప్: ఎంత చాలు, ఎంత ఎక్కువ?

ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలిలో జనవరి తెల్లవారుజామున చలి తరచూ 10 డిగ్రీల లోపే ఉంటుంది. అపార్ట్‌మెంట్ గేటు దాటగానే పూర్తి వేగంతో ఫ్లైఓవర్ ఎక్కేవారికి రెండు నిమిషాల్లోనే ఊపిరి అందదు, తొడలు బరువెక్కుతాయి. ఓపిక తగ్గిపోయిందేమో అని కంగారుపడతారు. చాలాసార్లు జరిగేది వేరు: కండరాలు ఇంకా వేడెక్కలేదు.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర ఉన్నా, విశ్రాంతిలో ఉన్న తొడ కండరం అంతకంటే చల్లగా ఉంటుంది. సైకిల్ తొక్కేటప్పుడు మనం ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతే పెడల్‌కు చేరుతుంది, మిగతాదంతా వేడిగా మారుతుంది. వృథాగా కనిపించే ఆ వేడే ఇక్కడ అక్కరకొస్తుంది. వెచ్చబడిన కండరంలో ఎంజైములు చురుగ్గా పనిచేస్తాయి, నాడీ సంకేతాలు వేగంగా సాగుతాయి, హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను తేలిగ్గా వదులుతుంది. పైగా శ్రమ మొదలవగానే ఆక్సిజన్ వినియోగం స్విచ్ వేసినట్టు పెరగదు, కొంత సమయం పడుతుంది. ఆ వ్యవధిలో కండరం తన సొంత నిల్వలను తోడుకోవలసి వస్తుంది. ముందే కాసేపు తొక్కి ఉంటే ఆ లోటు తగ్గుతుంది.

మరి ఎంతసేపు? ట్రాక్ సైక్లిస్టులు గంటకు దగ్గరగా వామప్ చేయడం మామూలే. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో దీన్నే పరీక్షించారు. ఒకటి సుమారు 50 నిమిషాల సంప్రదాయ వామప్: శ్రమను బాగా పెంచుకుంటూ వెళ్లి చివర నాలుగు స్ప్రింట్లు. రెండోది 15 నిమిషాలే: తేలికపాటి శ్రమ, ఒకే స్ప్రింట్. ఆ తర్వాత 30 సెకన్ల పరీక్ష పెడితే, చిన్న వామప్ చేసినప్పుడే గరిష్ఠ శక్తి సుమారు 6 శాతం ఎక్కువగా వచ్చింది. సుదీర్ఘ వామప్ కండరాన్ని వేడి చేయడంతో పాటు అలసిపోయేలా కూడా చేసిందన్నమాట. పరీక్షించింది కొద్దిమందినే, అదీ పొట్టి పందేనికే. కాబట్టి ఈ అంకెను అన్ని పందేలకూ అంటగట్టలేం.

వారాంతపు రైడర్‌కు మాటలాడుతూ తొక్కగలిగేంత తేలికగా 10 నిమిషాలు, వేగం క్రమంగా పెంచుతూ మరో 5 నిమిషాలు, ఒక చిన్న స్ప్రింట్, కాస్త విరామం సాధారణంగా సరిపోతాయి. చలిలో ఆగితే కాళ్లు కప్పుకోవాలి, లేకపోతే కూడబెట్టిన వేడి తొందరగా దిగిపోతుంది. వంద కిలోమీటర్ల రైడ్‌కు వేరే వామప్ అక్కర్లేదు, మొదటి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా తొక్కితే అదే వామప్.

వ్యాయామంతో పిల్లికూతలు వచ్చే ఉబ్బస రోగుల్లో కొందరికి ఇలా మెల్లగా మొదలుపెట్టడం ఉపశమనమిస్తుంది. అలాగని పొగమంచులోని కాలుష్యానికి వామప్ విరుగుడు కాదు. అలాంటి రోజున సైకిల్‌ను ఇంట్లోనే ట్రైనర్‌కు బిగించడం మేలు. మే నెలలో లెక్క తలకిందులవుతుంది: 40 డిగ్రీల ఎండలో శరీరం వేడెక్కడమే సమస్య, అందుకే వేడి ప్రాంతాల్లో పోటీపడే రైడర్లు మంచు నింపిన జాకెట్ తొడుక్కుని వామప్ చేస్తుంటారు.