హనుక్కా దీపాలు: ఎలా సర్దాలి? ఎలా వెలిగించాలి?

హనుక్కా యూదుల దీపాల పండుగ. వాళ్ల పంచాంగంలో కిస్లేవ్ నెల 25న మొదలై ఎనిమిది రోజులు సాగుతుంది. మనకది నవంబరు చివర్లోనో డిసెంబరులోనో వస్తుంది. క్రీ.పూ. 164లో మక్కబీయులనే యూదు తిరుగుబాటుదారులు జెరూసలేం ఆలయాన్ని శుద్ధి చేసి తిరిగి ప్రతిష్ఠించుకున్నారు. అప్పుడు ఒక్కరోజుకు సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని యూదుల ధర్మగ్రంథం తల్ముద్ చెబుతుంది.

ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్లకు తోడుగా పనిచేసే తెలుగువాళ్లకు ఈ దీపాలు సర్దే పని తరచూ తగులుతుంది. సర్దడం ఎవరైనా చేయొచ్చు. ప్రార్థన చదివి వెలిగించడం మాత్రం ఆ ఇంటి యూదుల వంతు. వాళ్ల పక్కనే నిలబడి వరుస నేర్చుకుందాం.

కావలసినవి

1. హనుక్కా మెనోరా: ఎనిమిది దీపాలు ఒకే వరుసలో, ఒకే ఎత్తులో ఉండాలి. తొమ్మిదోది షమాష్. మిగతావాటిని దీనితో వెలిగిస్తారు కాబట్టి ఎత్తుగానో పక్కకో విడిగా కనిపించాలి. ఏడు దీపాల మెనోరా దీనికి పనికిరాదు.
2. కొవ్వొత్తులు 44: ఎనిమిది రాత్రుల దీపాలకు 36, షమాష్‌కు 8. ఆలివ్ నూనె, వత్తులు వాడితే మరీ శ్రేష్ఠమంటారు.
3. అగ్గిపెట్టె, మైనం కారినా పాడవకుండా కింద పెట్టే లోహపు పళ్లెం.

చేసే విధానం

1. ముందు చోటు చూద్దాం. దారిన పోయేవాళ్లకు కనిపించేలా వీధివైపు కిటికీ దగ్గర పెట్టడం ఆచారం. కర్టెన్లు పూర్తిగా పక్కకు లాగి కట్టేయండి.
2. కొవ్వొత్తులు నిలుపుదాం. మెనోరాకు ఎదురుగా నిలబడితే మన కుడిచేతి చివర మొదటి రాత్రి ఒకటి. రెండో రాత్రి దానికి ఎడమ పక్కన మరొకటి. ఇలా రోజుకొకటి పెంచడం ప్రాచీన యూదు గురువు హిల్లేల్ శిష్యుల మాట. ఎనిమిదితో మొదలుపెట్టి తగ్గించాలన్నది మరో గురువు షమ్మాయి శిష్యుల వాదన. నిలిచింది హిల్లేల్ పక్షమే.
3. చీకటిపడే వేళ షమాష్ వెలిగిస్తారు. కొందరు సూర్యాస్తమయానికే, కొందరు నక్షత్రాలు కనిపించాక మొదలుపెడతారు. ఇంటివాళ్లను ముందే అడగండి.
4. ఇప్పుడు ప్రార్థనలు. మొదటి రాత్రి మూడు, మిగతా రాత్రుల్లో రెండు.
5. వెలిగించేది ఎడమ నుంచి కుడికి. ఆ రోజు కొత్తగా చేరిన దీపం ముందు, పాతవి తర్వాత. ఆపైన షమాష్‌ను దాని చోట పెడతారు.
6. చీకటిపడ్డాక కనీసం అరగంట వెలగాలి. ఈలోగా పాటలు పాడతారు, నూనెలో వేయించిన లాట్కెలు (బంగాళాదుంప అట్లు), సుఫ్గానియోత్ (డోనట్లు) తింటారు.

శుక్రవారం, శనివారం

శుక్రవారం సూర్యాస్తమయంతో యూదుల విశ్రాంతి దినం షబ్బాత్ మొదలవుతుంది. అందుకే సూర్యాస్తమయానికి ముందే, షబ్బాత్ దీపాలకన్నా ముందు వీటిని వెలిగించాలి. చీకటిపడి అరగంట దాటేదాకా నిలవాలంటే చిన్న కొవ్వొత్తులు చాలవు. పొడవైనవి గానీ, ఎక్కువ నూనె గానీ సిద్ధం చేద్దాం. షబ్బాత్ మొదలయ్యాక మెనోరాను కదపకండి. శనివారం షబ్బాత్ ముగిశాకే వెలిగిస్తారు. 2026లో మొదటి రాత్రే శుక్రవారం, డిసెంబరు 4 కాబట్టి పొడవైన కొవ్వొత్తులు ముందే తెచ్చిపెట్టుకోవాలి.

తరచూ జరిగే పొరపాట్లు

- ఒకచోట వెలిగించి కిటికీ దగ్గరకు మోసుకెళ్లడం. వెలిగించడమే అసలు విధి కనుక మెనోరా ఉండాల్సిన చోట ఉన్నాకే అగ్గిపుల్ల గీయాలి.
- వీధిలోంచి చూసేవాళ్ల కుడి ఎడమలు లెక్కేయడం. వెలిగించేవాళ్ల కుడి ఎడమలే లెక్క.
- ఆ వెలుగులో చదవడం, డబ్బు లెక్కపెట్టడం. ఈ దీపాలు చూడటానికే, పనులకు కాదు. గదిలో లైటు వేసి ఉంచండి.
- గాలికి ఆరిపోతే కంగారుపడటం. మామూలు రోజైతే ఇంటివాళ్లు మళ్లీ వెలిగించుకోవచ్చు, ప్రార్థన మళ్లీ చదవరు. షబ్బాత్ మొదలయ్యాక మాత్రం అలాగే వదిలేయాలి.
- దీపాలు వెలుగుతుండగా గది వదిలి వెళ్లడం. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

పండుగకు ముందురోజు వెలిగించకుండానే ఒకసారి సాధన చేద్దాం. మూడో రాత్రి అనుకుని కుడి నుంచి మూడు కొవ్వొత్తులు నిలపండి. ఏది ముందు వెలిగించాలో వేలితో చూపండి. వేలు మూడోదాని మీదకు వెళితే వరుస వచ్చేసినట్టే.