పైకి బాగుంటే చాలదు

విమానం నుంచి దూకే స్కైడైవర్ వీపున రెండు పారాచూట్లుంటాయి. అతడు స్పృహ తప్పితే రెండోదాన్ని తెరిచేది ఒక చిన్న పరికరం. 1991లో జర్మనీలో తయారైన ‘సైప్రెస్’ అలాంటిదే. గాలి పీడనాన్ని బట్టి అది ఎత్తునూ వేగాన్నీ లెక్కిస్తుంది. అనుభవజ్ఞులు వాడే రకం, మనిషి నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తుకు వచ్చినా సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతుంటే, పారాచూట్ సంచిని మూసి ఉంచిన తాడును కట్టర్‌తో తెంపేస్తుంది.

ప్రమాదం జరిగాక దాన్ని అలాగే మళ్లీ వాడవచ్చా? కూడదు. కట్టర్ ఒక్కసారికే పనిచేస్తుంది. పైన గీత పడకపోయినా లోపలి భాగాలు దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు అవసరమైన చోట తెరవకపోవచ్చు, లేదా విమానం తలుపు దగ్గరే తెరవవచ్చు. రెండూ ప్రాణాంతకమే. కనుక తయారీదారు పరీక్షించాకే వాడాలి.

ఈ నియమం మనం వాడే హెల్మెట్‌కూ వర్తిస్తుంది. గట్టి దెబ్బ తగిలితే లోపలి ఫోమ్ నలిగిపోతుంది. రెండో దెబ్బకు అది ఆగదు. పైకి బాగుందని తమ్ముడికి ఇవ్వకండి.