నిమ్మతోటలో కత్తెరపని : ఎంత, ఎప్పుడు, ఎట్లు

హైదరాబాదు పాతబస్తీలోని మీరాలంమండీకి కూరగాయలు తెచ్చు రైతునకు నిమ్మకాయల బేరము క్రొత్త కాదు. ఎండకాలమున షరబత్తునకును, రంజానుమాసమున హలీమునకును, ఏడాది పొడుగున బిర్యానీకిని ఊరగాయకును నిమ్మ కావలసినదే. అయితే కొనువాడు కాయను చేతితో త్రిప్పి చూచును. తొక్కమీద గోధుమవన్నె గరుకుమచ్చలున్నచో, లోపల రసమెంత యున్నను వెల తగ్గించును. ఆ మచ్చ మండీలో పుట్టినది కాదు; తోటలోని పుల్లమీద పుట్టి, వానచినుకుతో కాయమీదికి వచ్చినది. దానిని పుల్లమీదనే తీసివేయు ఉపాయమును ఈ పాఠమున వివరించుచున్నాము.

1. కత్తెర యెంత వేయవలయును?

హైదరాబాదు పరిసరములలో ద్రాక్షతోటలు పెంచువారు ఏటికి రెండుమారులు తీగలను కత్తిరింతురు. దానిని చూచి నిమ్మకును అట్లే చేయవలెనని తలచు రైతులు కలరు. ఇది పొరపాటు. నిమ్మ యెల్లకాలము పచ్చగా నుండు చెట్టు. అది కూడబెట్టుకొను ఆహారములో పెద్దభాగము ఆకులయందును కొమ్మలయందును ఉండును. ఆకులే దాని గాదె. పచ్చని కొమ్మలను విచ్చలవిడిగా నరుకువాడు తన గాదెకు తానే కన్నము వేసికొనుచున్నాడు.

కీడు అంతటితో పోదు. ఎక్కువగా నరికిన చెట్టు లేతచిగుళ్లను మిక్కుటముగా వేయును. ఆకును తొలుచు పురుగునకును, గజ్జితెగులునకును అట్టి లేతచిగుళ్లే మిక్కిలి అనుకూలము. గొడుగువలె కప్పియున్న ఆకులు పోయినచో కొమ్మల బెరడు ఎండకు మాడి పగులును. ఈ తప్పును మేమును ఒక యేడు చేసితిమి. చెట్లు చూడ ముచ్చటగా చిగిర్చినవి గాని, మరుసటి యేట కాపు సగము కూడ రాలేదు. కావున కాపునకు వచ్చిన నిమ్మకు వేయవలసినది తేలికకత్తెర మాత్రమే.

2. తీయవలసిన కొమ్మలు

మొదటివి ఎండుపుల్లలు. వీనిలో శిలీంధ్రములు కాపురముండి క్రమముగా పచ్చికొమ్మలోనికి దిగును. ఎండిన భాగముతోపాటు ఒక అంగుళము పచ్చిభాగమును కూడ చేర్చి కత్తిరింపవలయును.

రెండవవి గజ్జిపట్టిన కొమ్మలు. గజ్జి సూక్ష్మజీవివలన కలుగు తెగులు. పుల్లమీది పాతపుండ్లలో అది నెలలతరబడి దాగియుండి, వాన పడగానే వెలికి వచ్చి, గాలివానతో ప్రక్కచెట్లకు ప్రాకును. ముళ్లు గీచిన గాయములును, పురుగు తొలిచిన చారలును దానికి ద్వారములు. ఇది మన దేశమున క్రొత్తగా వచ్చినది కాదు. లండనులోని క్యూ ఉద్యానమున భద్రపరచిన ఎండుమొక్కలలో, 1827 – 1831 సంవత్సరముల నడుమ భారతదేశమున సేకరించిన మాదీఫలపు ఆకులమీద కూడ ఈ పుండ్లు కనబడినవి.

మూడవవి నీటికొమ్మలు. ఇవి లావుకొమ్మలనుండి నిట్టనిలువుగా, ముండ్లతో, వడిగా పెరుగును. కాపు నీయక సారమును లాగుకొనును. లేతగా నున్నపుడే చేతితో నులిమివేసినచో కత్తెర పనియే లేదు. అంటుమొక్కలలో అంటు క్రిందినుండి వచ్చు పిలకలును ఇట్టివే. అవి నిమ్మవి కావు. క్రింది జంబీరివో, రంగపూరు నిమ్మవో అగును. ఉపేక్షించినచో పైచెట్టును అణచివేయును.

నాలుగవది బదనిక. దాని ఆకులను పెరికినంత మాత్రమున లాభము లేదు. అది అతుకుకొనిన చోటికి దిగువగా కొమ్మనే తీసివేయవలయును.

అయిదవవి నేలను తాకు కొమ్మలు. వానచినుకు నేలనుండి ఎగయునపుడు మన్నుతోపాటు కుళ్లుతెగులును వీనిమీదికి చిమ్మును.

ఈ యైదును తప్ప తక్కిన పచ్చికొమ్మ జోలికి పోరాదు. లేతతోటలో మాత్రము మొదటి మూడేండ్లు రూపము దిద్దవలయును: నేలనుండి రెండు రెండున్నర అడుగుల వరకు ఒకే మ్రానుగా నుంచి, పైని నలుదిక్కులకు నాలుగైదు కొమ్మలను వదలి, తక్కినవి తీసివేయవలయును.

3. కాలము

రోహిణికార్తెలో, తొలకరికి ముందు, పొడిగా నున్న దినములలో ఈ పని ముగింపవలయును. మృగశిరలో వాన పడునప్పటికి తోటలో గజ్జిపుల్ల యుండరాదు. ఆకులు తడిగా నున్నపుడు కత్తెర పట్టనే రాదు. తడిచేతులును తడికత్తెరయు తెగులును చెట్టుచెట్టునకు మోయును. కాపు కోసిన పిమ్మట మరియొకమారు తోటను కలయజూచి, ఎండినవానిని మాత్రము తీయవలయును.

4. విధానము

సన్నపుల్లలకు కత్తెరయు, లావుకొమ్మలకు చేతిరంపమును వాడవలయును. కత్తితో నరికినచో బెరడు చీలును. లావుకొమ్మను కోయునపుడు మ్రానునకు ఒక అడుగు దూరమున మొదట క్రిందినుండి కొంత కోసి, తరువాత దానికి కొంచెము ఆవల పైనుండి కోయవలయును. అప్పుడు కొమ్మ బరువుతో బెరడు ఊడిరాదు. పిమ్మట మిగిలిన మోడును, కొమ్మ మొదటనున్న ఉబ్బు చెడకుండ, దాని యంచున కోయవలయును.

చెట్టు మారినప్పుడెల్ల కత్తెరను స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడువవలయును. కోసిన పుల్లలను కంచెమీద వేయక, పాదులో విడువక, చెట్లకు దూరముగా పోగువేసి ఆ దినమే కాల్చవలయును.

5. గాయములకు మందు

1 కిలో మైలతుత్తము, 1 కిలో సున్నము, 10 లీటర్ల నీరు చేర్చినది బోర్డోముద్ద. దీనిని గాయములకును, మొదలునుండి రెండు మూడు అడుగుల యెత్తువరకు మ్రానునకును పూయవలయును. మ్రానుపూత వలన బంకతెగులు కూడ అణగును.

చెట్టుపై చల్లుటకు అదే తుత్తమును, అదే సున్నమును 100 లీటర్ల నీటికి చాలును. తుత్తమును 50 లీటర్లలోను, సున్నమును 50 లీటర్లలోను వేరువేరుగ కలిపి, రెండింటిని ఒక్కమారుగా మూడవ తొట్టిలో పోయుచు కలియబెట్టవలయును. ఇనుపపాత్ర పనికిరాదు. మెరయు ఇనుపకత్తిని అందులో ఒక నిమిషము ముంచగా ఎఱ్ఱని రాగిపూత పట్టినచో సున్నము చాలలేదని యర్థము, మరికొంత చేర్చవలయును. కలిపిన దినముననే చల్లవలయును. కత్తిరించిన వెంటనే ఒకమారును, వానలకు క్రొత్తచిగురు వచ్చినపుడు మరల ఒకమారును చల్లుట మేలు. చల్లువారు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలయును.

6. ఒకని తోట, పదిమంది పని

ఇంత చేసినను, గట్టు ఆవలివాడు చేయనిచో ఫలము దక్కదు. గాలివానకు గట్లు లేవు. అమెరికాలోని ఫ్లారిడాలో 1995లో గజ్జితెగులు తిరిగి కనబడగా, ప్రభుత్వము ఒక కోటి అరువది లక్షలకు పైగా చెట్లను తీసివేయించెను. అయినను తుఫానులు తెగులును దూరదూరమునకు మోసికొనిపోగా 2006లో ఆ ప్రయత్నమును విడిచిరి. అంత ధనబలము గలవారికే అసాధ్యమైన దానిని మనము ఒంటరిగా సాధింపలేము. తెగులును నిర్మూలింప లేకున్నను, అణచియుంచుట మన చేతిలోని పని.

కావున నిమ్మతోటలు గల సభ్యులందరును రోహిణికార్తెలో ఒకే వారమున ఈ పని ముగించునట్లు సంఘము నిర్ణయింపవలయును. మైలతుత్తమును కూడి కొనినచో వెలయు తగ్గును, సరకు మంచిదగును. సంఘపు కత్తెరను ఒకరినుండి ఒకరు తీసికొనునపుడు స్పిరిటుతో తుడిచి ఇచ్చుట నియమము కావలయును. లేనిచో ఉపకారమునకై కొనిన కత్తెరయే తెగులును ఇంటింటికి పంచును. క్రొత్తగా తోట వేయువారు మచ్చలేని నారును ఎన్నుకొనవలయును. తిరుపతి పరిశోధనాస్థానము వెలువరించిన బాలాజీ రకము గజ్జిని కొంతవరకు తట్టుకొనును.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. ద్రాక్షను కత్తిరించినట్లు నిమ్మను కత్తిరింపరాదనుటకు కారణమేమి?
2. మీ తోటలో తీయవలసిన కొమ్మలు ఈ యైదింటిలో ఏ తెగకు చెందినవి? ఒక చెట్టును చూచి లెక్కింపుడు.
3. కత్తెర తడిగా నున్నచో కలుగు నష్టమేమి?
4. మన గ్రామమున కత్తెరవారమును ఏ దినమున ఆరంభింపవచ్చును? పుల్లలు కాల్చు స్థలమేది?

నాలుగవ ప్రశ్నకు సమాధానమును నోటితో చెప్పి విడువక, సంఘపు తీర్మానముల పుస్తకమున వ్రాయవలసినదిగా కోరుచున్నాము.