లాప్‌టాపునకు వెలుపలి సౌండు కార్డు

గత సంవత్సరము వార్షికోత్సవమునకు పది దినములు ముందుగా మా సభామందిరములో ఒక చిక్కు కలిగెను. పిల్లల నాటికకు కావలసిన సంగీతమును లాప్‌టాపునుండి ఆంప్లిఫయరునకును, అందుండి రెండు స్పీకర్లకును పంపగా, పాటతోపాటు తుమ్మెద ఝుంకారమువంటి మ్రోత యొకటి యెడతెగక వినబడెను. లాప్‌టాపులోని సౌండు కార్డు మంచిది కాదనియు, వెలుపల తగిలించు కార్డు కొన్నగాని లాభము లేదనియు దుకాణదారుడు చెప్పి, తొమ్మిదివేల రూపాయల పెట్టె నొకదానిని చూపెను. మా చేత నున్నది తల్లిదండ్రులు వేసికొన్న చందాలో మిగిలిన మూడువేలు మాత్రమే. తక్కిన యారువేలకు మరల పిల్లల ఇండ్లకు చీటీలు పంపవలెనా యని ఉపాధ్యాయులము ఒక సాయంకాలమంతయు తర్కించితిమి. చీటీలు పంపుటకు ముందు ఆ మ్రోత యెక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొందమని నిశ్చయించుకొంటిమి. అప్పుడు తెలిసికొన్న సంగతులు ఇంటివద్ద లాప్‌టాపునకు స్పీకర్లు కూర్చుకొని పాటలు వినగోరు వారికిని పనికివచ్చునని ఇచ్చట వ్రాయుచున్నాము.

లాప్‌టాపులో పాట అంకెల రూపమున ఉండును. ఆ అంకెలను స్పీకరు గ్రహింపగల విద్యుత్తరంగముగా మార్చుటయే సౌండు కార్డు పని. 1982లో అమ్మకమునకు వచ్చిన సి.డి.లో ధ్వనిని సెకండునకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లతో, అనగా 65,536 మెట్లలో నొక మెట్టుగా వ్రాయుదురు. ఒక ధ్వనిని సరిగా తిరిగి పలికించుటకు దానిలోని అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపు కంటె నెక్కువ మారులు కొలిచిన చాలునని నైక్విస్టు, షానన్ అను శాస్త్రజ్ఞుల కృషివలన తేలినది. మనుష్యుని చెవి సెకండునకు సుమారు 20,000 కంపనములకు మించి వినజాలదు, అదియు బాల్యమందే. నలువది దాటిన మావంటివారికి అంతయు వినబడదు. కావున 44,100 చాలును. 16 బిట్లవలన మిక్కిలి మెల్లని ధ్వనికిని, మిక్కిలి గట్టి ధ్వనికిని నడుమ సుమారు 96 డెసిబెల్లుల అంతరము దొరకును. పెట్టెలమీద 192,000 అనియు, 32 బిట్లనియు అచ్చువేయు అంకెలను చూచి వినువాడు అధికముగా వెల యీయనక్కరలేదు. పాటలను రికార్డుచేసి దిద్దువారికి 24 బిట్లు ఉపయోగపడునన్న మాట నిజమే గాని, అది వేరు పని.

ఇక మ్రోత సంగతి. మేము మొదట చేసిన పరీక్షకు ఒక పైసయైనను ఖర్చు కాలేదు. పాట వచ్చుచుండగానే లాప్‌టాపు ఛార్జరును గోడనుండి ఊడదీసితిమి. వెంటనే ఝుంకారము నిలిచిపోయెను! మరల తగిలించితిమి, మరల వచ్చెను. దోషము కార్డులో లేదని దీనివలన తేటపడెను. ఛార్జరునకును, ఆంప్లిఫయరునకును మూడేసి పిన్నుల ప్లగ్గు లుండెను. రెండును వేరువేరు గోడలయందు ఎర్తు తీగను తాకుచుండగా, పాటను మోయు తీగ ఆ రెంటిని మరియొక దారిని కలిపి ఒక వలయము చేయును. ఆ వలయమందు మన దేశపు 50 కంపనముల కరెంటు కొంచెము ప్రవహించి పాటతో కలియును. దీనినే గ్రౌండ్ లూప్ అందురు. యు.ఎస్.బి. తీగద్వారా తగిలించు కార్డును ఆ ఎర్తుతోనే కూడియుండును గనుక, తొమ్మిదివేల పెట్టె కొనియుండినను మా మ్రోత పోయెడిది కాదు.

ఛార్జరును, ఆంప్లిఫయరును ఒకే ఎక్స్‌టెన్షను బాక్సునకు మార్చగా మ్రోత సగము తగ్గెను. మిగిలిన సగమునకు గ్రౌండ్ లూప్ ఐసొలేటరు అను చిన్న డబ్బీని నాలుగువందలకు తెచ్చి తీగ నడుమ చేర్చితిమి. దానిలోని రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మరులు పాటను దాటనిచ్చును గాని ఎర్తును కలియనీయవు. చవుక డబ్బీలలో మృదంగపు గంభీరధ్వని కొంత సన్నగిల్లును. దానికి మేము ఒప్పుకొంటిమి. పై తరగతి బాలుడొకడు ప్లగ్గునందలి ఎర్తు పిన్ను విరిచివేసిన సరిపోవునని చెప్పెను. అట్లు చేసిన మ్రోత నిజముగానే పోవును. కాని యంత్రములో తీగ చెడి రేకుపెట్టెకు కరెంటు తగిలిన నాడు, దానిని ముట్టుకొన్న బిడ్డను కాపాడునది ఆ పిన్నే. ఇంటివద్ద ఎవరైన అట్లు విరిచి యుంచిన యెడల నేడే ఆ ప్లగ్గును మార్పింపుడు.

ఝుంకారము పోయిన పిమ్మట, పాట లేని సమయమున బుసవంటి సన్నని సవ్వడియు, మౌసు కదల్చినప్పుడు గీతలు గీచినట్టి చప్పుడును మిగిలెను. ఛార్జరు తీసివేసినను అవి పోలేదు, హెడ్‌ఫోనులోను వినబడెను. ఇది లాప్‌టాపు లోపలి సొంత దోషము. ఇట్టిదానికి వెలుపలి కార్డు తగిన మందు. ఏలయన ధ్వనిని పుట్టించు భాగము లాప్‌టాపులోని ఇతర యంత్రముల సందడికి దూరమగును. వేయి రూపాయల లోపు వెలగల చిన్న కార్డునే ఎన్నుకొంటిమి. 1998లో ఏర్పడిన యు.ఎస్.బి. ఆడియో నియమము ననుసరించిన కార్డు ప్రత్యేక డ్రైవరు లేకయే విండోస్, మాక్, లైనక్స్ మూటియందును పనిచేయును. రెండవ నియమమునకు విండోస్ 2017లో గాని తనంతట తానుగా తోడ్పడలేదు. పాత లాప్‌టాపులు గలవారు దీనిని గమనింపవలెను.

పాత కాసెట్టులను లాప్‌టాపులోనికి ఎక్కింపగోరు వారికి మాత్రము ఇట్టి చిన్న కార్డు చాలదు. దాని మైకు రంధ్రము సాధారణముగా ఒకే మార్గముది. కాసెట్టు యంత్రపు ధ్వనికి అది తట్టుకొనలేదు. అట్టివారు స్టీరియో లైన్-ఇన్ గల దానిని కొనవలెను. బెరింజర్ యు.సి.ఎ.202 అట్టిది, 16 బిట్లు, 48,000 మాత్రమే గలది, అయినను ఆ పనికి చక్కగా సరిపోవును.

కార్డు తగిలించిన మొదటి దినమున పాట లాప్‌టాపు స్పీకరునుండియే వచ్చుచుండుటచే మేము మరల కలతపడితిమి. సెట్టింగులలో క్రొత్త కార్డును ఎన్నుకొనవలెనని ఒక బాలిక చూపెను. లాప్‌టాపులోని ధ్వనిని పూర్తిస్థాయికి దగ్గరగా నుంచి, ఎక్కువ తక్కువలు ఆంప్లిఫయరు మీద చేసికొనుట మేలు. ఇంటిలోనైన రెండు స్పీకర్లును, వినువాడును సమత్రిభుజపు మూడు మూలల నుండవలెను. సభామందిరములో పక్క వరుసలవారికి ఒక స్పీకరే వినబడును గనుక, మేము నాటిక నాడు రెండు మార్గములను కలిపి మోనోగా పెట్టితిమి. మిగిలిన సొమ్ముతో స్పీకర్ల పాత తీగలు మార్పించితిమి. ఎవరి యింటికిని చీటీ పంపలేదు.